శంకర్ చేతికి రెండు

బంతి శివశంకర్ వైపు పోయిందంటే చిట్టమూరు వాళ్ళు రెండో పరుగు కోసం ఒకరినొకరు పిలుచుకోరు. ఆ అవసరమే ఉండదు. మొదటి పరుగు సంతకు పోయినట్టు పోయి, రెండోది సంత నుంచి వచ్చినట్టు వస్తారు. ఇసుక గట్టు మీద కూర్చున్న జనం మాత్రం రాగం తీస్తారు.

"శంకర్ చేతికి రెండూ..."

ఆ రాగం కట్టింది చిట్టమూరు పిలకాయలే. రెండేళ్ళు తిరిగేసరికి అతని సొంత ఊరు నడిమికుప్పం పిలకాయలు కూడా అందుకున్నారు. అదే శంకర్‌కు ఎక్కువ గుచ్చుకుంది.

ఏటా ఏప్రిల్ నడుమ నుంచి జూన్ నడుమ దాకా సముద్రంలో వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డుకెక్కి, ఇసుకలో ఒరిగి, రంగులు పూయించుకుంటూ ఉంటాయి. మగవాళ్ళు పొద్దున వలలు బాగుచేసుకుంటారు, సాయంత్రం క్రికెట్ ఆడతారు. అటు చిట్టమూరులో వరి కోతలు అయిపోయి, మళ్ళలో పశువులు తిరుగుతుంటాయి. అక్కడి రైతు పిలకాయలకూ పని ఉండదు. నిషేధం ఎత్తేసే ముందు ఆదివారం వాళ్ళు ట్రాక్టర్ ట్రాలీలో వచ్చి కుప్పం ఇసుకలో ఒక మ్యాచ్ ఆడి పోతారు. గెలిచిన వాళ్ళకు ఒక పొట్టేలు. పొట్టేలు వండేది, తినేది రెండు ఊళ్ళూ కలిసే. అయినా దాన్ని ఎవరు గెలిచారన్నది ఏడాది పొడుగునా మాట్లాడుకుంటారు.

పోయినేడు చిట్టమూరు గెలిచింది. గెలిపించిన ఆఖరి రెండు పరుగులు శంకర్ చేతి మీదే వచ్చాయి.

ఈ ఏడు నిషేధం మొదలైన వారానికి, వలల పాకలో శంకర్ చిరిగిన వలకన్ను ముడివేసుకుంటుంటే హజరత్తయ్య వచ్చి పక్కన చతికిలబడ్డాడు. హజరత్తయ్య శంకర్ పెళ్ళానికి అన్న. జట్టుకు కెప్టెన్, వికెట్ల వెనక నిలబడేదీ అతనే.

"బావా, ఈ ఏడు నువ్వు గొడుగు కింద కూసో. పరుగులు రాసేదానికి నమ్మకమైన మనిషి కావాల."

శంకర్ తల ఎత్తలేదు. "రాసేదానికి మా పాప రేవతి ఉండాది. ఎనిమిది చదివింది. నాకంటే నమ్మకంగా రాస్తాది."

"అది కాదు బావా..."

"ఏది కాదు? నా చెయ్యి పనికిరాదంటావు. అంతే గదా."

"ఎవరన్నారు ఆ మాట? విసురువల వేస్తే ఈ కుప్పంలో నీ అంత గుండ్రంగా ఎవడేస్తాడు? చేతికొచ్చిన క్యాచి ఎప్పుడన్నా జారనిచ్చినావా?" హజరత్తయ్య గడ్డం గోక్కున్నాడు. "నువ్వు విసిరిన బంతే, ఎందకనో, దోవలో కునుకు తీస్తాది."

పాకలో ఉన్న వాళ్ళు నవ్వారు. శంకర్ నవ్వలేదు. అలిగి లేచి పోనూ లేదు. ముడి బిగించి, కొసను పళ్ళతో కొరికి, అప్పుడు బావమరిది మొహంలోకి చూశాడు.

"మ్యాచికి ముందు రోజు సాయంత్రం సరుగుడు తోట అంచున నిలబడి వికెట్ల కాడికి విసురుతా. ఒక్కసారే. నీ చేతికి అందే లోపల నేలకు ఒక్క దెబ్బ తగిల్తే ఆడతా. రెండు దెబ్బలు తగిల్తే గొడుగు కింద కూసుంటా. మళ్ళీ ఏ ఏడూ ఆడతానని అడగను."

"ఎందుకు బావా అంత పంతం..."

"సరేనా, కాదా?"

హజరత్తయ్య చుట్టూ చూశాడు. పాకలో అందరూ విన్నారు. "సరే."

శంకర్‌కు ముప్పై ఆరేళ్ళు. కాళ్ళలో పరుగు ఉంది, కళ్ళు బాగున్నాయి. ఒళ్ళు సహకరించక కూర్చోవాల్సి వస్తే ఎవరైనా కూర్చుంటారు. అన్నీ ఉండి, ఒక్క విసురు రాక కూర్చోవడమే అతనికి గొంతు దిగలేదు.

ఆ సాయంత్రం నుంచే మొదలుపెట్టాడు. ఒంటరిగా తోట అంచుకు పోయి, ఒక కొబ్బరి మట్ట గుచ్చి, దాని మీదికి బంతి విసిరేవాడు. బలం చాలడం లేదనుకుని బలం పెంచాడు. బలం పెంచేకొద్దీ బంతి పైకి లేచింది కానీ దూరం పోలేదు. మూడో నాటికి భుజం పట్టేసి, అన్నం ముద్ద ఎత్తడానికి ఎడమ చెయ్యి సాయం కావలసి వచ్చింది. పెళ్ళాం వనజాక్షి ఉప్పు మూట కాచి భుజానికి కాపడం పెట్టింది.

"ఇదేం ఆటయ్యా? పట్టపగలు నిన్ను ఎవరో కొట్టి పంపినట్టుండావు."

"గట్టిగా అద్దు."

"మా అన్నతో నేను చెప్తాలే, ఆడించమని."

"చెప్పినావంటే ఆ బంతి నీకే విసురుతా."

"విసురు. నా దాకా వస్తే గదా!"

మూలన చెప్పులు దులుపుకుంటున్న రేవతి కిసుక్కుమంది. హైస్కూల్లో ఆడపిల్లలకు వేసవి ఆటల శిబిరం పెడితే ఆ పిల్ల తెల్లారి సైకిలేసుకుని పోయి వస్తూంది. నాన్న విసరడం రెండు సాయంత్రాలు ఇంటి ముందు నుంచే చూసింది.

"నాయనా, నీ మోచెయ్యి భుజం కంటే కిందకుండాది. మా మేడం చూస్తే ఈల ఊదేస్తాది."

"నువ్వు విసురు చూద్దాం."

రేవతి వాకిట్లోకి పోయి, పక్కకు తిరిగి నిలబడి, బంతిని వీధి చివర చేతిపంపు మీదికి విసిరింది. ఇనుము ఠంగుమంది. పంపు కాడ బిందె పట్టుకుంటున్న ముసలామె తిట్లు అందుకునేసరికి పిల్ల లోపలికి పరిగెత్తుకొచ్చింది.

శంకర్ కాసేపు ఆ పంపు వంకే చూశాడు.

"మీ మేడం నాకు నేర్పిస్తాదా?"

"వద్దు నాయనా!" రేవతి మొహం మాడిపోయింది. "ఆడ అందరం ఆడపిలకాయలమే."

మర్నాడు తెల్లారేసరికి రేవతి సైకిలు వెనక శంకర్ సైకిలు ఉంది.

ఆ మేడం పేరు ఉషారాణి. నెల్లూరు మనిషి. సన్నగా, ఎండకు నల్లబడి, మెడలో ఈలతో ఉంటుంది. ఒకప్పుడు యూనివర్సిటీ జట్టులో సాఫ్ట్‌బాల్ ఆడిందట. నమస్కారం పెట్టిన శంకర్‌ను, అతని లుంగీని, బంతి పట్టుకున్న చేతిని ఒకసారి చూసింది.

"దేనికి నేర్చుకోవాలనుకుంటున్నారు?"

"మ్యాచి ఉండాది మేడం. విసరకపోతే కూసోబెడతారు."

"నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. వయసులో పెద్దవారని ఊరుకోను."

"ఊరుకోబాకండి."

"రేపటి నుంచి నిక్కరు వేసుకుని రండి. ఇప్పుడు లైన్లో నిలబడండి."

శంకర్ లైన్ చివర నిలబడ్డాడు. ముందున్న పిల్లలు ఒకళ్ళనొకళ్ళు గిచ్చుకున్నారు. రేవతి అందరికంటే ముందు, తనకేమీ సంబంధం లేనట్టు నిలబడింది.

ఉషారాణి మొదట బంతి పట్టుకోవడం సరిచేసింది. అరచేతికి ఆనించి పిడికిలి బిగించకూడదు. వేళ్ళ మీద ఉంచుకోవాలి, అరచేతికీ బంతికీ నడుమ గాలి ఆడాలి. తరువాత నిలబడటం. ఎడమ భుజం వికెట్లను చూడాలి. ఎడమ పాదం అటే పడాలి. పాదం పడ్డాక నడుము తిరగాలి, నడుము తిరిగాక భుజం, అన్నిటికంటే ఆఖర చెయ్యి. మోచెయ్యి భుజం ఎత్తుకు తగ్గకూడదు. బంతి చెవి పక్కగా వచ్చి కళ్ళ ముందు వదలాలి.

"బలం చేతిలో లేదు శంకర్ గారూ, కాలి కింద ఉంది. చెయ్యి దాన్ని మోసుకొచ్చి వదిలేస్తుంది. అంతే."

ఈ మాట శంకర్‌కు వెంటనే ఎక్కింది. వల వేసేటప్పుడూ అంతే, బలం పడవ అడుగు నుంచే రావాలి. పాదం, నడుము, భుజం తొందరగానే కుదిరాయి. అయినా బంతి పోలేదు. సగం దూరం బాగా పోయి, ఏదో గుర్తొచ్చినట్టు కిందికి దిగిపోయేది.

ఉషారాణి అతని పక్కకు వచ్చి చూసింది. ఎదురుగా వచ్చి చూసింది.

"చెయ్యి ఎక్కడ ఆగింది?"

"ఆగలేదు మేడం."

"ఆగింది. మీ ముక్కు ముందర ఆగింది. బంతి వదిలాక చెయ్యి ఆగకూడదు. అది దాని దోవన పోయి ఎడమ మోకాలి పక్కన తేలాలి. ఆపితే రెండు నష్టాలు. బంతి వేగం చస్తుంది, ఆ విసురంతా భుజం మీద పడుతుంది. మీకు భుజం నొప్పి ఉందా, లేదా?"

"ఉండాది."

"విసిరాక ఎడమ మోకాలిని తట్టండి. తట్టకపోతే ఆ విసురు లెక్కలోకి రాదు."

శంకర్ విసిరాడు. చెయ్యి ముక్కు ముందు ఆగింది. ఒక్క క్షణం అక్కడే ఉండి, అప్పుడు గుర్తొచ్చి దిగి మోకాలిని ఫటుక్కున తట్టింది.

"అది విసరడం కాదండీ. విసిరేసి, తీరిగ్గా దోమను కొట్టడం."

లైనంతా పగలబడి నవ్వింది. రేవతి కూడా నవ్వింది. ఒక వారం అంతా శంకర్ ఆ దోమను కొడుతూనే ఉన్నాడు. మోకాలు ఎర్రబడింది. పిల్లలు అతన్ని 'దోమ మామ' అన్నారు. అతను ఒక్క పొద్దు కూడా మానలేదు.

వారం చివర ఉషారాణి బంతి చేతిలో తిప్పుకుంటూ అంది: "మీకు అర్థం కాక కాదు. మీ ఒళ్ళు మాట వినేదే. కానీ మీ చేతికి ముందే ఎవరో ఆగమని గట్టిగా చెప్పి పెట్టారు. నా మాట దాని కింద పడిపోతూంది. అది ఎవరో నాకు తెలియదు. మీరే కనుక్కోవాలి."

ఎవరై ఉంటారా అని సైకిలు మీద వస్తూ ఆలోచించాడు. ఎవరూ తట్టలేదు.

నిషేధం సముద్రానికే. ఊరి వెనక ఉప్పుకాలువలో చేత్తో విసురువల వేసుకునే వాళ్ళను ఎవరూ ఏమనరు. ఆ రెండు నెలలూ కుప్పంలో కూర గిన్నెలు పొయ్యెక్కేది ఆ కాలువ వల్లే. ఆ పొద్దు శంకర్ మొలలోతు నీళ్ళలో దిగాడు. అతని తల్లి పేరమ్మ గట్టున బుట్ట పెట్టుకుని, ఎగిరిపడే రొయ్యల్ని ఏరుతూంది.

తాడు కొస ఉచ్చు ఎడమ మణికట్టుకు తగిలించాడు. వల సగం ఎడమ మోచేతి మీద, సగం కుడి చేతిలో. సీసం గుండ్ల అంచును పళ్ళతో పట్టుకుని, నడుము తిప్పి, విసిరాడు. వల గాల్లో పోతూ పోతూ ఉండగా కుడి చెయ్యి ఠక్కున ఆగింది. ఆ ఆగిన దెబ్బకు వల గొడుగులా విప్పుకుని, గుండ్రంగా నీళ్ళ మీద పడింది. గుండ్లన్నీ ఒక్క చప్పుడుగా మునిగాయి.

శంకర్ తాడు లాగడం మరిచిపోయాడు. కుడి చెయ్యి అతని ముక్కు ముందే ఉంది.

"లాగరా! చేపలు చుట్టాలయ్యి నీకోసం కూసుంటాయా?" పేరమ్మ కేకేసింది.

"అమ్మా, నాయన నాకు వల నేర్పేటప్పుడు ఏమనేవాడు?"

"ఏమంటాడు? చెయ్యి ఆపరా, చెయ్యి ఆపరా అని గొంతు పొయ్యేట్టు అరిచేవాడు. ఆపకపోతే మూటగా పడతాది గదా. ఆపిందాకా నీకు కూడు పెట్టనన్నాడు ఒకనాడు. ఇప్పుడెందుకురా అది?"

"మా మేడం అడిగింది."

పేరమ్మ రొయ్యను బుట్టలో వేసి కొడుకును ఎగాదిగా చూసింది. "ఆమెకెందుకంట మీ నాయన సంగతి?"

మర్నాడు శంకర్ వలను సైకిలు వెనక కట్టుకుని బడికి పోయాడు. ఏమీ చెప్పకుండా ఎండిన నేల మీదే వల విసిరాడు. వల విప్పుకుని, ఆటస్థలం నడుమ వరసగా పెట్టిన పిల్లల నీళ్ళ సీసాలన్నిటినీ చుట్టేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఉషారాణి చప్పట్లు కొట్టలేదు. అతని చెయ్యినే చూస్తూంది.

"ఇంకోసారి వెయ్యండి." చూసింది. "దొరికాడు. ఆపమని చెప్పింది మీకు వల నేర్పినతనే."

"మా నాయన, మేడం."

"బాగా నేర్పారు. ఇది చెడగొట్టుకోవద్దు. కానీ ఒక్క చెయ్యి పొద్దున ఆగాలని, సాయంత్రం ఆగకూడదని నేర్చుకోవాలంటే ఏళ్ళు కావాలి. మీ దగ్గర ఉన్నది నెల రోజులే. మ్యాచ్ అయ్యే దాకా వల మానెయ్యండి."

"మానితే కూరెట్టా మేడం?"

శంకర్ సీసాల నడుమ నుంచి వల తీసుకున్నాడు. సైకిలెక్కి ఇంటికి పోయేసరికి ఒక నిర్ణయానికి వచ్చాడు. కుడి చెయ్యి బంతిది. వల సంగతి ఎడమ చెయ్యి చూసుకోవాలి.

ఉచ్చు కుడి మణికట్టుకు మారింది. ఎడమ చెయ్యి ఎన్నడూ చెయ్యని పని. మొదటి విసురు తడి చీర పడినట్టు పడింది. రెండోది అతని నెత్తి మీదే పడింది. సీసం గుండు తగిలి పెదవి చిట్లింది. కాలువ గట్టున పోయేవాళ్ళు ఆగి మరీ చూశారు.

"ఏం శంకరా, కొత్తగా నేర్చుకుంటుండావా?"

"అవునన్నా."

అలా ఒప్పుకునేసరికి అడిగినవాడు తన దోవన పోయాడు.

ఇంట్లో పండుగొప్ప, రొయ్య పోయి ఎండు చేప వచ్చింది. నాలుగో పూట కూడా అదే కూర వడ్డిస్తూ వనజాక్షి అంది, "కాలవ పక్కన ఇల్లు కట్టుకొని ఎండు చేపలు తినే కాపురం మనదొక్కటే."

"ఉప్పు బాగుండాది."

"ఉప్పు కాలవదే. అదొక్కటి దొరికింది నీకు."

పేరమ్మ మూడు రోజులు తిట్టింది. నాలుగో రోజు తిట్టడం మాని చూడటం మొదలుపెట్టింది. మొగుడు వల వేస్తుంటే నలభై ఏళ్ళు గట్టున కూర్చుని చూసిన మనిషి.

"ఒరే, తాడు మార్చినావు, చేతులు మార్చినావు. కాళ్ళు ఎవరు మారుస్తారు? నేనొచ్చి మార్చాల్నా?"

శంకర్ కిందికి చూసుకున్నాడు. నీళ్ళలో ఎడమ కాలే ముందుంది. కుడి కాలు ముందుకు వేసి విసిరాడు. వల పూర్తిగా విప్పుకోలేదు, ఒక పక్క ముడుచుకుంది. మూట మాత్రం కాలేదు. దాని కింద రెండు చిన్న మడవ చేపలు దొరికాయి. పేరమ్మ వాటిని బుట్టలో వేసి, ఖాళీగా ఉన్న మిగతా బుట్టను కొడుకు వైపు తిప్పి చూపించింది. అయినా ఆ పూట తిట్టలేదు.

తన పాత పని చేతిలో నుంచి పోయాక కుడి చెయ్యి కొన్నాళ్ళు దిక్కు తెలియనట్టు ఉంది. ముక్కు ముందు ఆగేది, కొన్నిసార్లు గడ్డం కింద ఆగేది. తర్వాత రొమ్ము దాకా దిగింది. ఉషారాణి మోకాలు తట్టడం మాన్పించి, ఎడమ పాదం పక్కన పిడికెడు ఇసుక పోసింది. విసిరిన ఊపులోనే వేళ్ళు ఇసుకను దువ్వుకుంటూ పోవాలంది. దువ్వి దువ్వి శంకర్ వేలి కొసలు అరిగాయి.

ఒక పొద్దు బంతి వదిలాడు. చెయ్యి ఎక్కడుందో తెలియలేదు. చూసుకుంటే ఎడమ మోకాలు దాటి, గోళ్ళలో ఇసుకతో ఉంది. అవతలి కొసన నిలబడ్డ పిల్ల చేతులెత్తి గెంతింది, అందలేదు. బంతి బడి ప్రహరీకి తగిలి చప్పుడైంది.

"మేడం! దోమ మామ గోడ పగలగొట్టినాడు!"

రేవతి అప్పుడు వెనక్కి తిరిగి, "మా నాయనే అది," అంది.

ఉషారాణి ఈల నోట్లో పెట్టుకుని తీసేసింది. "ఒక్కసారి వస్తే వచ్చినట్టు కాదు. ఊఁ, ఇంకోటి."

మ్యాచ్ ముందు సాయంత్రం దక్షిణపు గాలి ఇసుకను నేల మీద పాకిస్తూంది. కుప్పం సగం తోట దగ్గరే ఉంది. వికెట్ల వెనక హజరత్తయ్య గ్లౌజులు లేకుండానే నిలబడ్డాడు. బంతి తన దాకా వస్తుందని అతనికి నమ్మకం లేదు.

శంకర్ గాలి పక్కకు కొంచెం జరిగి, ఎడమ పాదం వేశాడు. బంతి తక్కువ ఎత్తులో, తిన్నగా పోయింది. వికెట్ల ముందు ఒక్క దెబ్బ నేలకు తగిలి హజరత్తయ్య అరచేతుల్లో పడింది. అతను బంతి జారవిడిచి రెండు చేతులూ విదిలించుకున్నాడు.

"యాడ దాచినావు బావా ఇన్నాళ్ళు?"

"గ్లౌజులు తగిలించుకో రేపు," అని శంకర్ ఇంటి దోవ పట్టాడు.

ఆదివారం ట్రాక్టర్ ట్రాలీ వచ్చింది. పొట్టేలును సరుగుడు మానుకు కట్టారు. గొడుగు కింద పరుగులు రాయడానికి రేవతి కూర్చుంది. పక్కన ఉషారాణి కూడా కూర్చుంది. కుప్పం వాళ్ళు ముందు బ్యాటింగ్ చేసి, ఉన్నంతలో గౌరవమైన లెక్కే పెట్టారు. తరువాత చిట్టమూరు దిగింది.

శంకర్ తోట అంచున నిలబడ్డాడు. వేసిన మొదటి బంతే అతని వైపు వచ్చింది. గట్టు మీది జనం అప్పటికే నోళ్ళు తెరిచారు. ఆ చప్పుడు చెవిన పడగానే ఏమైందో, చెయ్యి ముక్కు ముందు ఆగిపోయింది. బంతి దోవలో కునుకు తీసింది.

"శంకర్ చేతికి రెండూ..."

శంకర్ ఎవరి వైపూ చూడలేదు. వంగి పిడికెడు ఇసుక తీసి ఎడమ పాదం పక్కన పోసుకున్నాడు. బంతి లేకుండానే చెయ్యి తిప్పి ఆ ఇసుకను దువ్వాడు. బంతికీ బంతికీ నడుమ అదే పని. చూసినవాళ్ళు ఇతనికేదో పూనిందనుకున్నారు.

మళ్ళీ బంతి వచ్చేసరికి కొట్టింది అశోక్. చిట్టమూరులో అందరికంటే సోమరిగా పరిగెత్తేవాడు. ఒకటి తీసి, బ్యాటు భుజాన వేసుకుని, రెండోదానికి తిరిగాడు. శంకర్ పరుగున వచ్చి బంతి అందుకున్నాడు. పాదం, నడుము, భుజం. ఆఖర చెయ్యి.

"శంకర్ చేతికి..." అన్న రాగం అక్కడే తెగింది. బంతి నేలకు తగలకుండా హజరత్తయ్య గ్లౌజుల్లోకి పోయింది. వికెట్లు పడ్డాయి. అశోక్ ఇంకా సగం దోవలో, బ్యాటు భుజం మీదే ఉంది. ఎవరినో పొరపాటున పిలిచారనుకున్నట్టు వెనక్కి తిరిగి చూశాడు.

"నువ్వే నాయనా," అన్నాడు హజరత్తయ్య. "అవుటు. పో, పోయి పొట్టేలుకు మేత వెయ్యి."

ఆ తరువాత శంకర్ వైపు కొట్టినవాళ్ళు ఒక్క పరుగుతో ఊరుకున్నారు.

ఆట ఆఖరి ఓవరు దాకా వచ్చింది. రెండు బంతులు మిగిలాయి, చిట్టమూరుకు మూడు పరుగులు కావాలి. కొట్టేది సుకుమార్, వాళ్ళ జట్టులో అసలైన ఆటగాడు. అవతలి కొసన ఉన్నది ట్రాక్టర్ తోలుకొచ్చిన కుర్రవాడు, బ్యాటు పట్టడం అంతంతమాత్రమే.

సుకుమార్ బలంగా కొట్టాడు. బంతి తోట వైపు దొర్లింది. శంకర్ దాని వెంట పరిగెత్తి, అందుకుని తిరిగేసరికి ఒక పరుగు అయిపోయింది. దూరం చాలా ఉంది. రెండోదానికి వీలుంది. ట్రాక్టర్ కుర్రవాడు తిరిగి పరుగెత్తడం మొదలుపెట్టాడు కూడా.

"వద్దు! వద్దు! వెనక్కి పో! శంకర్ చెయ్యి!" సుకుమార్ గొంతు చించుకున్నాడు.

కుర్రవాడు కాళ్ళు జారి, ఇసుకలో పడి, పాకుతూ వెనక్కి పోయాడు. శంకర్ ఎడమ పాదం వేసి, చెయ్యి వెనక్కి ఎత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇన్ని పొద్దులు ఏ విసురు కోసం సైకిలు తొక్కాడో ఆ విసురు చేతిలోనే ఉంది. దానికి పని చెప్పేవాడు లేడు.

"రావయ్యా! పరిగెత్తు! ఎందుకు ఆగిపోతివి?" అని సుకుమార్ మీద అరిచాడు.

"నీకేమన్నా పిచ్చా బావా!" ఇటు నుంచి హజరత్తయ్య అరిచాడు. "వాడు రానంటే నీకెందుకు? బంతి ఇటియ్యి!"

ఆఖరి బంతికి రెండు కావాలి. కొట్టాల్సింది ట్రాక్టర్ కుర్రవాడు. కళ్ళు మూసుకుని ఊపాడు. బంతి బ్యాటుకు తగలకుండా హజరత్తయ్య చేతుల్లో పడింది. ఒక్క పరుగుతో పొట్టేలు కుప్పానిదయింది.

జనమంతా నడుమకు పరిగెత్తారు. హజరత్తయ్య శంకర్‌ను వాటేసుకుని నేల మీంచి లేపాడు. "విసరకుండానే గెలిపించినావు గదా బావా!"

శంకర్ మొహంలో సంబరం సగమే ఉంది. జనాన్ని తప్పించుకుని సుకుమార్ దగ్గరికి పోయాడు. సుకుమార్ ప్యాడ్లు విప్పుతూ తల ఎత్తాడు.

"శంకరన్నా, నిజం చెప్పు. రెండోదానికి వచ్చుంటే దొరికేవాణ్ణి గదా?"

"ఏమో. నువ్వు వస్తివా?"

"దొరికేవాణ్ణే."

"చూద్దాం పా."

సుకుమార్ ప్యాడ్లు మళ్ళీ బిగించుకున్నాడు. వికెట్లు నిలబెట్టారు. శంకర్ తోట అంచుకు పోయాడు. నవ్వుకుంటూ జనం పక్కలకు తప్పుకున్నారు. హజరత్తయ్య బంతిని అదే చోటికి దొర్లించాడు. సుకుమార్ ఒకటి తీసి, ఈసారి తిరిగాడు. ప్రాణం పెట్టి పరిగెత్తాడు. శంకర్ పాదం పడింది. బంతి గాలిని కోసుకుంటూ పోయింది. చెయ్యి మోకాలు దాటి వేళ్ళు ఇసుకలో గీత గీశాయి. వికెట్లు పడ్డాయి.

అందరూ గొడుగు కింద నుంచి వచ్చి వికెట్ల గీత దగ్గర నిలబడ్డ రేవతి వైపు చూశారు.

"నాటవుట్," అంది రేవతి. "బ్యాటు ముందే వచ్చింది. మూరెడు."

కుప్పం వాళ్ళు మూలిగారు. సుకుమార్ రెండు చేతులతో తల పట్టుకుని ఇసుకలో కూలబడ్డాడు. "అయ్యో! వచ్చుంటే ఆఖరి బంతి నాకే వచ్చేది! మ్యాచి మాదే!" అశోక్ అతని వీపు మీద గుద్దాడు. గొడుగు కింద ఉషారాణి నవ్వు కనపడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

శంకర్ మెల్లగా నడిచి వచ్చాడు. మొహంలో ఇందాక లేని సగం కూడా ఇప్పుడు ఉంది. మూరెడు. మూరెడంటే ఎంత, ఇంకొక ఏడాది ఉంది. బంతి తీసుకుని నిక్కరుకు తుడిచాడు. అటువైపు పొట్టేలును విప్పడానికి పోతున్న వాళ్ళను చూసి, "ఇంకాసేపు దాన్ని అట్టే ఉంచండి," అన్నాడు.

తరువాత ఇసుకలో కూర్చున్న సుకుమార్ చెయ్యి పట్టి లేపాడు.

"లే. ఇంకోసారి పరిగెత్తు."